కుట్లు విప్పు పనిముట్టు – దానిని ఎన్నుకొను విధము

మన పల్లెలలో కుట్టుపని యెఱిగినవారు నానాటికి హెచ్చుచున్నారు. ఒకప్పుడు ఊరి మేరవారి యింటనో, అంగడివీధియందో మాత్రమే వినవచ్చు కుట్టుయంత్రపు చప్పుడు నేడు సేద్యగాండ్ర యిండ్లలోనుండియు వినవచ్చుచున్నది. నాట్లును, పత్తి యేరుటయు లేని దినములలో రవికెలు, లంగాలు, పిల్లల అంగీలు కుట్టి సంసారమునకు నాలుగు రూపాయలు చేర్చు సోదరీమణులు నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములందు అనేకులు గలరు. వారు యంత్రము కొనునపుడు పదిమందిని విచారింతురు. దారము కొనునపుడు లాగి చూతురు. సూది కొనునపుడు దాని సంఖ్యను చూతురు. కాని కుట్టినదానిని విప్పు పనిముట్టును గూర్చి మాత్రము ఎవరును విచారింపరు. చేతికందిన బ్లేడుతోనో, కూరలు తరుగు కత్తితోనో ఆ పని నెఱవేర్చుకొందురు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు చెప్పిన మాట ఈ విషయమునకు చక్కగా తగియున్నది.

కుట్టు విప్పవలసిన అవసరము పని చేతగానివారికే కలుగునని తలంపరాదు. కొలత మాఱినపుడు, ఎదుగు పిల్లల దుస్తులను వదులు చేయవలసినపుడు, చిరిగిన జేబు తీసి క్రొత్తది వేయవలసినపుడు, చీర ఫాలు మార్చవలసినపుడు, గట్టి చేతివారికిని విప్పుట తప్పదు. కుట్టు లోపల ఒక అంగుళము గుడ్డ మిగులునట్లు కుట్టి, మరుసటి యేట ఆ కుట్టును విప్పి వదులు చేసినచో, ఒక సంవత్సరమునకు వచ్చు లంగా రెండు సంవత్సరములు వచ్చును. ఇది పొదుపుగాక మఱేమి? అయితే విప్పునపుడు గుడ్డ చిరిగినయెడల ఆ పొదుపు నష్టముగా పరిణమించును.

నష్టమెంత?

2024వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రములో ప్రభుత్వ పాఠశాలల బాలబాలికల యేకరూప దుస్తులను కుట్టుపని మహిళా స్వయంసహాయక సంఘములకు అప్పగింపబడినది. జతకు కుట్టుకూలి 75 రూపాయలుగా నిర్ణయింపబడెను. ఇట్టి పనిలో ఒక చేయి తారుమారుగా కుట్టబడినదనుకొందము. దానిని మొద్దుబ్లేడుతో విప్పుచు ఒక గంట గడపినచో ఆ జతపై వచ్చు కూలిలో మిగులునదేమి? విప్పునపుడు గుడ్డయే కోసికొనిపోయినచో మఱియొక గుడ్డ తెచ్చి యియ్యవలసివచ్చును. నాలుగైదు జతల కూలి ఒక్క కోతతో పోవును.

మన ప్రాంతపు చేనేత గుడ్డల విషయమున ఈ నష్టము ఇంకను అధికము. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము గ్రామములు పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన జరిగిన జిల్లాల పునర్విభజన పిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. అచ్చటి నేతగాండ్రు గుడ్డ నేసినపిమ్మట రంగు వేయరు. నేయుటకు మునుపే నూలును లెక్కప్రకారము గట్టిగా కట్టి, కట్టినచోట రంగు ఎక్కకుండునట్లు అద్దకము చేయుదురు. కావున ఒక్క దారములోనే రెండు మూడు రంగులు ఒకదాని వెంట ఒకటి వచ్చుచుండును. ఆ దారములు మగ్గముపై తమతమ స్థానములందు కూడినపుడే ఆ చిత్రము ఏర్పడును. అట్టి గుడ్డలో ఒక్క దారము తెగినను ఆ చిత్రమున గీత పడును. అంగడిలో కొన్న దారముతో దానిని పూరింప వీలుకాదు, ఏలయన ఆ రంగుల వరుస గల దారము అంగడిలో దొరకదు.

మొదట కుట్టును గుర్తింపుడు

పనిముట్టును ఎన్నుకొనుటకు మునుపు, విప్పవలసిన కుట్టు ఎట్టిదో తెలిసికొనవలెను. మన యిండ్లలో కనబడు కుట్లు నాలుగు విధములు.

మొదటిది చేతికుట్టు. పైటంచు మడచి కుట్టునదియు, చీర ఫాలునకు వేయునదియు, కొలతకై ముందుగా వేయు పొడుగు టాకాలును ఈ జాతిలోనివి. ఒకే దారము గుడ్డలో క్రిందికి మీదికి పోవుచుండును. ముడి తెంచి సూదిమొనతో ఒక్కొక్క కుట్టును ఎత్తినచో దారము దానంతట అదే వచ్చును. దీనికి పదునైన పనిముట్టుతో పనిలేదు.

రెండవది గొలుసుకుట్టు. దారము ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చుగా సాగుచుండును. ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో హక్కు పొందిన కుట్టుయంత్రము ఈ కుట్టునే వేయుచుండెను. దీని ప్రత్యేకగుణమేమనగా, కుట్టు ముగిసిన కొననుండి లాగినచో వరుసయంతయు జలజల ఊడివచ్చును. మొదలిడిన కొననుండి ఎంత లాగినను రాదు. యూరియా బస్తాల మూతికి వేయు కుట్టు ఈ జాతిదే.

మూడవది రెండు దారముల బిగికుట్టు. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను హక్కులు పొందిన యంత్రములు ఈ కుట్టునకు సంబంధించినవి. నేడు మన యింటి యంత్రములన్నియు వేయునది ఇదే. పై దారము సూదినుండియు, క్రింది దారము బాబిన్‌నుండియు వచ్చి గుడ్డ నడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. ఒకచోట తెగినను తక్కిన కుట్టు వెంటనే ఊడదు. ఈ గుణమే దుస్తునకు బలము. ఈ గుణమే విప్పువారికి కష్టము. సీమ్ రిప్పర్ అని దర్జీలు పిలుచు పనిముట్టు అవసరమగునది ముఖ్యముగా ఈ కుట్టునకే.

నాలుగవది గుడ్డ అంచు పీచులు లేవకుండ చుట్టివేయు ఓవర్‌లాక్ కుట్టు. ఇందు మూడో నాలుగో దారములుండును. అంచు వెంబడి చుట్టుకొన్న దారములను మొదట కోసినచో, సూదిదారము సులువుగా లాగవచ్చును.

ఏ పనిముట్టు దేనికి?

మన పల్లెలలో బ్లేడు వాడుక అధికము. అది చౌక, ఎచ్చటనైనను దొరకును. కాని బ్లేడునకు దారమునకును గుడ్డకును భేదము తెలియదు. దాని అంచంతయు పదునే యగుటచే ఒకింత వంగినను గుడ్డ తెగును, వ్రేలు తెగును. అనేక సంవత్సరముల అనుభవముగల దర్జీ చేతిలో అది చక్కగా పనిచేయుట నిజమే. ఆ నేర్పు అతని చేతిదిగాని బ్లేడుది కాదు. నేర్చుకొనుచున్నవారు దానిని అనుకరింపరాదు.

దారములు కత్తిరించు చిన్న కత్తెర ముడులు తెంచుటకును, పైకి కనబడు పొడుగు కుట్లను తెంచుటకును మంచిది. మొన సన్ననైనదై, రెండు అలుగులును మొనవఱకు కలిసి కోయునదైయుండవలెను. గుడ్డలు కోయు పెద్ద కత్తెరను కుట్లు విప్పుటకు వాడినయెడల గుడ్డకు చిల్లిపడు అపాయము కలదు.

ఇక సీమ్ రిప్పర్ సంగతి. ఇది జానెడు మించని చిన్న పనిముట్టు. పిడికి చివర ఉక్కు కొస రెండు మొనలుగా చీలియుండును. ఒక మొన పొడుగు, సన్నము, వాడి. రెండవది పొట్టి, దాని కొసను సాధారణముగా ఎఱ్ఱని చిన్న గుండుండును. ఈ రెంటి నడుమ వంపులో మాత్రమే పదునుండును. పొడుగుమొన దారము క్రిందికి దూరును, వంపు దారమును కోయును, గుండు గుడ్డను కాపాడును. కలుపు తీయువారు పైరు వేరు కదలకుండ కలుపుమొక్కను మాత్రమే పెల్లగించునట్లు, ఈ పనిముట్టు గుడ్డను ముట్టక దారమునే తెంపుటకు ఏర్పడినది.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు

అంగడిలో ఇవి రెండు పరిమాణములందు దొరకును. కుట్టుయంత్రముతోపాటు ఇచ్చు చిన్నది ఒకటి, లావైన పిడిగల పెద్దది ఒకటి. రెంటి వెలయు స్వల్పమే. అయినను అన్నియు ఒకే తీరున పనిచేయవు. వర్ణమునుబట్టి కాక ఈ క్రింది గుణములనుబట్టి ఎన్నుకొనవలెను.

1. మొన: యంత్రపు కుట్టు సాధారణముగా రెండు లేక రెండున్నర మిల్లీమీటర్ల పొడుగుండును. మొన అంత సందులో దూరవలెను. మొద్దుమొనను బలవంతముగా దూర్చినచో కుట్టుతోపాటు గుడ్డపోగు కూడ లేచివచ్చును.

2. నునుపు: పాత పట్టుగుడ్డ ముక్కనో నైలాను ముక్కనో వెంట తీసికొనిపోయి, మొనల ప్రక్కలను దానిపై మెల్లగా రాయుడు. ఎచ్చటనైనను పోగు తగులుకొన్నచో ఆ ఉక్కుపై గరుకు మిగిలియున్నదని తెలిసికొనుడు. అట్టిదానిని కొనవలదు.

3. పదును: పాలియెస్టరు దారమును రెండు వ్రేళ్ల నడుమ బిగించి పట్టి, వంపును దానికి తాకింపుడు. ఒక్క తాకుడుతో తెగవలెను. ముందు వెనుకకు రాయవలసివచ్చినచో ఆ పదును చాలదు. నూలు దారముకంటె పాలియెస్టరు గట్టిది గనుక పరీక్షకు దానినే వాడవలెను.

4. గుండు: గుండు చుట్టును నున్నగా నుండవలెను. వ్రేలితో కదపినపుడు కదలరాదు. గుండు ఊడిన రిప్పర్‌కు రెండు మొనలును శత్రువులే.

5. అతుకు: పిడిని ఒక చేతను, ఉక్కును గుడ్డతో పట్టి మఱియొక చేతను మెలిపెట్టి చూడుడు. ఉక్కు పిడిలో తిరిగినచో పనిమధ్యమున మొన ప్రక్కకు మఱలును.

6. పిడి: గుండ్రని సన్నపిడి చెమటచేతిలో జాఱును, బల్లమీదనుండి దొర్లిపడును. పలకలుగల లావుపిడి చేతికి పట్టు నిచ్చును. వ్రేళ్ల కీళ్లు నొచ్చు పెద్దవారికి పెద్దదే సుఖము.

7. మూత: మూత బిగువుగా కూర్చుండవలెను. మూత లేనిదానిని పిల్లలుగల యింట ఉంచరాదు.

రిప్పర్ వంపును ఇంటియందు సానపట్టుట సులభము కాదు. కావున అది మొద్దువాఱిన వెంటనే మార్చుటయే మేలు. మొద్దు పనిముట్టుతో బలము అధికముగా వాడవలసివచ్చును. బలము అధికమైనచోటనే చేయి జాఱును.

విప్పు విధానము

మొదట వెలుతురు చూచుకొనుడు. నల్లగుడ్డపై నల్లదారమును దీపపు వెలుతురున విప్పుటకంటె మరునాటి ఉదయమువఱకు ఆగుట లాభము.

బిగికుట్టు విప్పునపుడు గుడ్డను చదునుగా పఱచి, ఒకవైపున మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున పొడుగుమొనతో ఎత్తి తెంపుడు. వరుస పూర్తియైన పిమ్మట గుడ్డను త్రిప్పి, రెండవవైపు దారమును మెల్లగా లాగుడు. అది ఏకముగా వచ్చును. మిగిలిన తునకలను తడిచేతితో తుడిచివేయవచ్చును. ప్రతికుట్టును తెంపుట వ్యర్థశ్రమ. ఏ కుట్టును తెంపక లాగుట గుడ్డను ముడుతలు పెట్టుట.

గట్టి గుడ్డలకు, అనగా లాగులకు, మందపు అంగీలకు, శీఘ్రమైన పద్ధతి యొకటి కలదు. రెండు గుడ్డలను కొంచెము విడదీసి, గుండుగల పొట్టిమొన గుడ్డనానుకొనియుండునట్లు కుట్టు నడుమ ఉంచి, వంపును దారముల వెంబడి ముందుకు జరుపవలెను. ఈ పద్ధతిని పట్టుపైనను, పలుచని నూలుగుడ్డపైనను, అల్లికబట్టపైనను ప్రయోగింపరాదు.

నూలుగుడ్డపై మిగులు సూదిచిల్లులను కొంచెము తడిపి, గోటితో రెండువైపులకు రుద్ది, ఇస్త్రీ చేసినచో చాలవఱకు మూసికొనును. పట్టుపై చిల్లులు నిలిచిపోవచ్చును. కావున పట్టురవికెకు మొదట పొడుగు టాకాలు వేసి, తొడిగి చూచి, కొలత కుదిరినపిమ్మటనే చిన్నకుట్టు వేయుట యుక్తము. విప్పవలసిన పని రాకుండ చూచుకొనుటకంటె మంచి పనిముట్టు లేదు.

గద్వాల చీరల విషయమున ఒక హెచ్చరిక అవసరము. పూర్వపు మహబూబునగరము జిల్లాలోని గద్వాల నేడు జోగులాంబ గద్వాల జిల్లాకు ముఖ్యస్థానము. అచ్చటి చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఒడలును అంచును కలియుచోట కుట్టువలె కనబడునది కుట్టు కాదు; మగ్గముపైననే పేకదారములను ఒకదానితోనొకటి పెనవేసి నేసిన కూర్పు. దానిని కుప్పడమందురు. ఫాలు విప్పునపుడు తొందరలో రిప్పర్ మొనను ఆ కూర్పులో దూర్చినయెడల అంచు ఊడుటకు మొదలిడును. దానిని ఏ దర్జీయు పూర్వస్థితికి తేజాలడు. గద్వాల చీరలకైనను, నారాయణపేట చీరలకైనను ఫాలును చేతికుట్టుతో వేయించి, సూదితో విప్పించుటయే ఉత్తమము.

సంచుల కుట్లు

బట్టల సంగతి అటుండగా, రైతునకు ప్రతి పంటకును ఎదురగు కుట్టు సంచిమూతిది. ఎరువుల బస్తా మూతిని కొడవలితో కోయుట మనలో వాడుక. కోసిన సంచి మూతి పీచులు లేచి, రెండవమారు కుట్టుటకు అంచు చాలదు. ఆ మూతిది గొలుసుకుట్టని పైన చెప్పియుంటిమి. కావున ఒక కొన వ్రేలాడు దారమును తెంచి లాగి చూడుడు. రాకున్న రెండవ కొననుండి ప్రయత్నింపుడు. కుట్టు ముగిసిన కొన దొరికినచో క్షణములో సంచి తెఱచుకొనును, దారమును చిక్కులేక చేతికి వచ్చును. ఆ దారమును పొలములో పాఱవేయక చుట్టి ఉంచుడు. పశువులు మేతతోపాటు దానిని మ్రింగును.

దబ్బనముతో సుతిలి వేసి కుట్టిన గోనెసంచికి రిప్పర్ పనికిరాదు. సుతిలికి దాని ఉక్కు వంగిపోవును. రెండు చివరల ముడులను కోసి, దబ్బనము మొనతో కుట్లను వదులు చేసి లాగినచో సుతిలియు, గోనెయు రెండును దక్కును. వడ్ల కొనుగోలు సమయమున సంచులకు కలుగు ఇక్కట్టు మనకందఱకు తెలిసినదే. నిలిచిన ప్రతి సంచియు ఆనాడు అక్కరకు వచ్చును. అయితే ఎరువులు, పురుగుమందులు వచ్చిన సంచులలో తినెడి ధాన్యమును ఎన్నడును నింపవలదు.

పని ముగిసిన పిమ్మట

విఱిగిన బ్లేడుముక్కలు, సూదులు, గుండుసూదులు చెత్తతో ఊడ్చి పెంటకుప్పపై వేయుట మిక్కిలి అపాయకరము. ఆవులు, బఱ్ఱెలు మేతను ఏరుకొని తినవు. నాలుకతో చుట్టి మ్రింగును. మేతతో లోనికి పోయిన ఇనుపముక్క రెండవపొట్టలో నిలుచును. ఆ పొట్టకును గుండెకును నడుమ దూరము స్వల్పము. ముక్క పొట్టగోడను పొడుచుకొని గుండెవఱకు పోయినచో పశువు బ్రతుకుట దుర్లభము. మేత మానుట, పాలు హఠాత్తుగా తగ్గుట, వీపు గూనుగా పెట్టి నడువ జంకుట, ముందుకాళ్ల నడుమ వాపు మొదలగునవి దాని లక్షణములు. ఇవి కనబడిన వెంటనే పశువైద్యునికి చూపవలెను. దీనికి నివారణ మిక్కిలి సులువు. కుట్టుబల్లయొద్ద మూతగల డబ్బా నొకదానిని ఉంచి, విఱిగిన ఉక్కునంతయు అందులో వేయుడు. పని ముగిసినపుడు అయస్కాంతపు ముక్కతో నేలను ఒకమారు వెదకుడు.

సంఘములు చేయదగినది

మహిళా సంఘములును, సహకార సంఘములును కుట్టుపనివారికి కావలసిన ఈ చిన్న వస్తువులను కలిసి తెప్పించుకొనుట లాభకరము. ఒక్కరు కొనునపుడు అంగడివాడు చూపినదే గతి. ఇరువదిమంది కలిసి కొనునపుడు పది రకములు తెప్పించి, పైన చెప్పిన పరీక్షలు చేసి, నిలిచినదానినే గ్రహింపవచ్చును. కుట్టు నేర్పు కేంద్రములందు మొదటి వారముననే కుట్టుటతోపాటు విప్పుటయు నేర్పవలెను. తప్పును నష్టములేక దిద్దుకొనగలనను ధైర్యము కలిగినపిమ్మట, నేర్చుకొనువారి చేయి క్రొత్తపనికి వెనుదీయదు. పాత చీరముక్కపై పది వరుసలు కుట్టి, పది వరుసలును గుడ్డ చెడకుండ విప్పగలిగిన బాలికకు మాత్రమే పరుల గుడ్డ నిచ్చుట మంచి నియమము.

మఱియు ప్రతి యింటను యంత్రపు సొరుగులో ఈ మూడింటిని ఉంచుకొనవలెను: బిగికుట్టునకు మూతగల మంచి రిప్పర్ ఒకటి, ముడులకు సన్నమొన కత్తెర ఒకటి, చేతికుట్టునకు లావుసూది ఒకటి. ఈ మూడింటి వెలయు చేర్చినను ఒక రవికె కుట్టుకూలిని మించదు. ఇక బ్లేడును దాని పనికే, అనగా గడ్డమునకే, విడిచిపెట్టుడు.